చిసోటి బండ అల్లుడు

ముసాంగులో అల్లుళ్లందరూ ఇల్లరికపు అల్లుళ్లే. పెళ్లయిన మగవాడు భార్య ఊరికి వచ్చి, అత్తగారు చూపించిన చోట ఇల్లు కట్టుకుంటాడు. మొక్కజొన్న వేస్తాడు, వల లాగుతాడు, పిల్లల్ని పెంచుతాడు. సభలో మాత్రం మాట్లాడడు. చెప్పవలసింది ఉంటే పెళ్లిపెద్దకు చెబుతాడు. పెళ్లిపెద్ద లేచి సభకు చెబుతాడు. భార్య మేనమామ గానీ అన్న గానీ పెళ్లిపెద్దగా ఉంటాడు. నచ్చినా నచ్చకపోయినా విన్న మాటను విన్నట్టు చెప్పడం అతని పని.

వైసన్ ఇరవై నాలుగేళ్లుగా ముసాంగు అల్లుడు. అతని భార్య ఎనెలెసి. ఆమె అన్న బౌలేని అతనికి పెళ్లిపెద్ద. మొన్న సెప్టెంబరులో వైసన్‌కు తగవు వచ్చింది ఈ బౌలేనితోనే.

తగవు చిసోటి బండ గురించి. ఒడ్డు నుంచి పడవలో పావుగంట పోతే నీళ్ల నడుమ టోపీ ఆకారంలో తేలి కనిపిస్తుంది. నీళ్ల కింద ఉన్నదంతా రాళ్ల గుట్ట. ఆ రాళ్ల సందుల్లో ఎంబునా చేపలు కాపురం ఉంటాయి. వేలెడంత చేపలు. నీలంవి, పసుపువి, నారింజవి. ముసాంగులో వాటిని కూర వండుకోరు. దూరదేశాల వాళ్లు అద్దాల తొట్లలో పెంచుకుంటారు. ఒక ఎగుమతి కంపెనీ కోసం వైసన్ పద్దెనిమిదేళ్లు మునిగి వాటిని పట్టాడు. చెవులు పాడయ్యాక మానేశాడు. తర్వాత ఆ కంపెనీ కూడా సామాను సర్దుకుంది. ఇప్పుడు పట్నం నుంచి వచ్చేవాళ్లను పడవలో చిసోటి దగ్గరికి తీసుకుపోయి, కళ్లకు అద్దాలు తగిలించి, చేపలు చూపిస్తాడు. వాళ్లింట్లో పొయ్యి వెలిగేది ఆ పడవ మీదే.

బౌలేనికి గాలాల తాళ్లున్నాయి. కంపాంగో అనే పెద్ద జెల్ల చేప పడాలంటే ఎర కావాలి. ఎంబునా మంచి ఎర. అంతకుముందు అతను చిసోటికి రెండు వందల బారల దూరంలో ఉన్న న్యాని బండ చుట్టూ దోమతెర కుట్టిన వల వేశాడు. రెండు కాలాల్లో న్యాని ఖాళీ అయింది. ఈసారి చిసోటి దగ్గర వేస్తానన్నాడు. వేయనివ్వవద్దని వైసన్ సభకు పోయాడు. అంటే, బౌలేనిని పంపాడు.

ముసాంగు నాయకురాలికి డెబ్బై దాటాయి. ఊరి పేరే ఆమె పదవి పేరు. అందరూ గోగో అంటారు, అంటే అవ్వ. సభ ఆమె వసారా ముందు జరుగుతుంది. ఆ రోజు బౌలేని లేచి ముందు బావ మాట చెప్పాడు.

"గోగో, మా బావ అనేదేమంటే, ఈ చేప ఏ బండకు పుట్టింది ఆ బండకే చస్తుందంట. బండకీ బండకీ నడుమ ఇసుక ఉంటే దాటదంట. అందుకే న్యాని మళ్లీ నిండలేదంట. ఏ చేప ఏ సందులో ఉంటుందో కూడా తనకి తెలుసంట." కూర్చుని, మళ్లీ లేచాడు. "ఇప్పుడు నా మాట. చేపకి రెక్కలున్నాయి గోగో. ఈ సరస్సు ఈ చివర్నించి ఆ చివరికి ఓడకి మూడ్రోజులు. చేప తిండి ఉన్న చోటికి పోతుంది. న్యాని నిండుతుంది. మా బావకి పట్నం వాళ్లు రాకపోతే మొక్కజొన్న న్సీమా ముద్ద గొంతు దిగదు, అదీ అసలు సంగతి."

జనం నవ్వారు. వైసన్ చాప మీద కూర్చుని నేల చూశాడు. అసలు సంగతిలో సగం అదేనని అతనికీ తెలుసు.

గోగో తీర్పు చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి ఆ సరస్సులో గిన్నెలు తోముతున్నానని, మోకాళ్ల కిందికి ఏముందో ఏనాడూ చూడలేదని అంది. చూడని ఊరికి హద్దు గీయలేనంది. వానలు మొదలయ్యే లోపు ఎవరైనా చూపించగలిగితే చూపించమంది.

కంపెనీ వదిలేసిన కొట్టంలో ఒక అద్దాల తొట్టి ఉంది. ఐదడుగుల పొడవు. ఒక మూల కారుతోంది. వైసన్ దాన్ని అడిగి తెచ్చుకుని, ఆ మూల అతుకు గీకి, కొత్త జిగురు పెట్టి, మూడు రోజులు ఆరనిచ్చాడు. గోగో వసారాలో ఇటుకల దిమ్మె కట్టాడు. దిమ్మె మీద ముతక గుడ్డ, గుడ్డ మీద తొట్టి.

లోపల ముందు పడవలసింది ఇసుక కాదు, రాళ్లు. అడుగు అద్దం మీద పాత టైరు ముక్కలు పరిచి, పెద్ద రాళ్లను వాటి మీద ఆనించాడు. ఈ చేపలు రాయి కింద ఇసుకను నోటితో తోడేస్తాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఏదో ఒక రోజు దొర్లి అద్దం పగలగొడుతుంది. కంపెనీలో చేరిన మొదటి నెలలో అతను అలా ఒక తొట్టి పోగొట్టాడు. రాళ్లు చిసోటి నుంచే తెచ్చాడు, మీద పచ్చ నాచు ఎండిపోకుండా తడిగోనెలో చుట్టి. ఎడమ చివర ఒక గుట్ట, కుడి చివర ఒక గుట్ట పేర్చాడు. సందులు కుదిరే దాకా విప్పి పేర్చి, విప్పి పేర్చి, ఒక పూట గడిపాడు. ఆ తర్వాత ఇసుక. నీళ్లు తేరుకునే దాకా కడిగి, రెండు గుట్టల నడుమ పరిచాడు. రెండు జానల ఇసుక.

నీళ్లు ఎనెలెసీ ఆమె చెల్లెళ్లూ బకెట్లతో నెత్తిన మోశారు. ఫోన్లు ఛార్జి చేసే కొట్టువాడు ఒక సోలార్ పలకనూ బ్యాటరీనీ ఇచ్చాడు. గాలి బుడగలు దాంతో వచ్చేవి. మధ్యాహ్నం రేకు కప్పు వేడెక్కితే గోగో తను నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డ తడిపి తొట్టి మీద కప్పేది. నాలుగు రోజులు తొట్టిలో నీళ్లూ రాళ్లూ మాత్రమే ఉన్నాయి. వచ్చిన వాళ్లు వాటినే చూసిపోయారు.

ఐదో రోజు వైసన్ చేపలు తెచ్చాడు. లోతులోని చేపను పట్టుకుంటే పీపాలో వేసి, తాడు కట్టి, మూడు రోజుల పాటు కొంచెం కొంచెంగా పైకి తేవాలి. లేకపోతే పొట్ట ఉబ్బి చస్తుంది. అతని చెవులు లోతుకు ఒప్పుకోవు. అందుకని రెండు బారల లోతులో ఉన్నవాటినే పట్టాడు, ఒక చేతి వలతో అదిలించి ఇంకో చేతి వలలోకి. మూడు మగవి, నాలుగు ఆడవి. మగవి నీలం మీద నల్ల చారలవి. వాటిలో ఒకదానికి తోక కింది సగం లేదు. ఎప్పటిదో గాయం, మానిపోయింది. దాన్ని నీటిపై నుంచే చేతికందే లోతులో, ఒరిగిన పలకరాయి కింద సందులో పట్టాడు.

అన్నిటినీ ఎడమ గుట్టలోనే వదిలాడు. అవి ఇసుక దాటవనీ, కుడి గుట్టలో నాచు ఎంతున్నా అటు పోవనీ ఎనెలెసితో చెప్పాడు. ఆమె ఆ మాట ఊరందరితో చెప్పింది. బౌలేని తన గాలాలు పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తొట్టి ముందు కూర్చున్నాడు.

గంట కూడా పట్టలేదు. పెద్ద మగ చేప తోక తెగినదాన్ని తరిమింది. అది ఇసుక మీదుగా కుడి గుట్టలోకి దూరింది. పెద్దది కూడా వెనకే దాటి అక్కడి నాచు నాలుగుసార్లు కొరికి, నింపాదిగా తిరిగి వచ్చింది.

"దాటవన్నావు కదా బావా," అన్నాడు బౌలేని. "పాపం, నీ మాట వాటికి చేరినట్టు లేదు. పెళ్లిపెద్దని పంపాల్సింది."

సరస్సులో రెండు వందల బారల ఇసుకను దాటని చేప తొట్టిలో రెండు జానలను లెక్కచేయదని వైసన్‌కు అప్పుడు తట్టింది. తట్టినా చెప్పుకునే చోటు లేదు. చెప్పవలసినవాడు ఎదురుగా కూర్చుని నవ్వుతున్నాడు.

మూడో రోజుకు సంగతి ఇంకా చెడింది. పెద్ద మగది తొట్టి మొత్తం తనదే అన్నట్టు తిరిగింది. ఒక మగ చేప చచ్చింది. తోక తెగినది పైన, గాలి గొట్టం వెనక, నీటి అంచున నిలబడి ఉండేది. రాళ్ల దగ్గరికి దిగితే తన్నులు. అందరి ఇళ్లలోకీ తలొంచుకుని వెళ్లి, ఎక్కడా కూర్చోలేకపోతోందని ఆడవాళ్లు దానికి అల్లుడు అని పేరు పెట్టారు.

గోగో ఈ మూడు రోజులూ తొట్టి పక్కనే చాప వేసుకుని వేరుశనగ కాయలు వలుచుకుంటూ చూసింది. వచ్చినవాళ్లు న్సీమా పిడచలు నీళ్లలో వేయబోతే వైసన్ వద్దన్నాడు. నాచు తినే చేప, పిండి తింటే పొట్ట ఉబ్బుతుంది. గుమ్మం దాకా వచ్చినవాళ్లకు తిండి పెట్టవద్దంటే ఎలాగని గోగో అడిగింది. చివరికి ఉడికించిన గుమ్మడాకు, రోజుకు ఒకటి, అని రాజీ కుదిరింది.

నాలుగో రోజు ఆమె బౌలేనినీ వైసన్‌నూ పిలిపించింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గోగో బౌలేని వైపు చూసి మాట్లాడింది.

"మీ బావని అడుగు. సరస్సులో ఒక బండకి ఎంతమంది ఉంటారు?"

బౌలేని పక్కకు తిరిగాడు. "ఎంతమంది ఉంటారు బావా?"

"లెక్కపెట్టలేం. వందలు."

"వందలంట గోగో."

"ఇక్కడ ఏడుగుర్ని పెట్టి ఒక్కొక్కడికి ఒక ఇల్లిచ్చాడు. పక్కింటివాడు ఏం చేస్తున్నాడో చూడ్డానికి వాడికి బోలెడు తీరిక. మా ఊళ్లో మూడిళ్లే ఉంటే నేను రోజుకో తగవు తీర్చాలి. నూట యాభై ఉన్నాయి కాబట్టి వారానికొకటి. ఇంకో ఇరవై తెమ్మను. ఎవణ్ణి కొట్టాలో వాడికి తెలీకుండా పోతుంది."

కంపెనీ తొట్లలో వందేసి చేపలను కుక్కి ఉంచేవారు. అక్కడ పోట్లాటలు తక్కువ. వైసన్ పద్దెనిమిదేళ్లు అది చూశాడు. ఓడ ఎక్కే దాకా చోటు లేక అలా పెడుతున్నారనుకున్నాడు. ఇంటి తొట్టికి అది వర్తిస్తుందని ఏనాడూ అనుకోలేదు. మర్నాడు పొద్దున్నే చిసోటికి పోయి ఇరవై రెండు చేపలు తెచ్చాడు. వాటిని వదిలే ముందు రాళ్లన్నీ విప్పి వేరే రకంగా పేర్చాడు, పాత కాపురస్తులకు కూడా ఇల్లు కొత్తది కావాలని. రోజూ తొట్టిలో మూడో వంతు నీళ్లు తీసి సరస్సు నీళ్లు పోశాడు.

పోట్లాట ఆగలేదు, పలచబడింది. పెద్ద మగది ఒకదాన్ని తరిమేలోపు ఇంకోటి అడ్డం వచ్చేది. రెండు రోజుల్లో ఎవరి సందు వాళ్లకు కుదిరింది. అల్లుడికి కుడి గుట్టలో కింది రాయి దగ్గర చోటు దొరికింది. వెలిసిపోయిన నీలం రంగు తిరిగి వచ్చింది. ఒక నారింజ ఆడ చేప దవడ ఉబ్బింది. నోట్లో గుడ్లు పెట్టుకుందనీ, మూడు వారాలు తిండి తినదనీ వైసన్ చెబితే, మూడు వారాలు మాట కూడా ఉండదు, ఇంకేం కావాలి అని ఎనెలెసి మరదలు అంది. పొలాల నుంచి వచ్చేవాళ్లు దారి మార్చుకుని వసారా మీదుగా పోవడం మొదలుపెట్టారు. బౌలేని కూడా రోజూ వచ్చేవాడు. అల్లుడు ఎలా ఉన్నాడని అడిగేవాడు.

తొట్టి పెట్టిన పదహారో రోజున గోగో మళ్లీ ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

అల్లుడు పగలంతా తొట్టి అటూ ఇటూ తిరుగుతాడని, ఎడమ గుట్టలో నాచు కొరుకుతాడని, వెలుతురు తగ్గేసరికి కుడి గుట్టలో కింది రాయి దగ్గరికే పోతాడని ఆమె చూసింది. ఒక్క రోజూ తప్పలేదు.

"తిరగడం గురించి నాకక్కర్లేదు," అంది. "మగాళ్లంతా సారా కోసం పక్క ఊరికి పోయేవాళ్లే. ఎక్కడ పడుకుంటారన్నదే ఊరి లెక్క. అల్లుణ్ణి న్యాని దగ్గర వదలండి. అక్కడ నాచు కావలసినంత, తరిమేవాడు లేడు. వాడక్కడ ఉండిపోతే బౌలేని మాట నిజం. ఒకరు పోతే ఇంకొకరు వచ్చి ఉంటారు, చిసోటిలో వల వేసుకోవచ్చు. వాడు చిసోటికి తన సందుకి పోతే, ఖాళీ ఇల్లు ఎంత బాగున్నా ఎవరూ రారని అర్థం. వల వద్దు."

వాడు చిసోటికి చేరాడో లేదో చూసేది ఎవరని బౌలేని అడిగాడు.

"నువ్వే. సభలో మాట్లాడేవాడివి నువ్వు. మీ బావ చూస్తే అది చూసినట్టు కాదు."

ఆ రోజు ఇంటికి పోయాక వైసన్ అన్నం ముట్టలేదు. ఎనెలెసి అడిగితే చెప్పాడు. ఈ చేప ఇసుక దాటదని తనే అన్నాడు. ఆ మాట నిజమైతే అల్లుడు న్యాని దగ్గరే ఉండిపోతాడు, చిసోటి పోతుంది. చిసోటి దక్కాలంటే తన మాట అబద్ధం కావాలి. పైగా రెండు వందల బారల ఇసుక మీద దాక్కోవడానికి ఒక్క రాయి లేదు. పెద్ద చేపలు తిరుగుతాయి.

"దాటదని నీకెలా తెలుసు?" అంది ఎనెలెసి.

"ఎప్పుడూ దాటగా చూడలేదు."

"ఇంట్లో ఉన్నవాడు ఎందుకు దాటుతాడు? బయటికి తీసుకుపోతే కదా తెలిసేది."

మర్నాడు బావలిద్దరూ బకెట్‌లో అల్లుణ్ణి తీసుకుపోయి న్యాని దగ్గర వదిలారు. అది కాసేపు రాయి మీద నిలబడి, నాచు కొరికింది. బౌలేని వైసన్‌ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

తర్వాత దక్షిణపు గాలి లేచింది. పది రోజులు పడవలు ఒడ్డు దాటలేదు. గాలి తగ్గిన రోజు, అంటే అల్లుణ్ణి వదిలిన పన్నెండో రోజు, ఇద్దరూ బయల్దేరారు. వైసన్ తెడ్డు వేశాడు. ముందు న్యాని దగ్గర ఆగారు. బౌలేనికి యాభై నాలుగేళ్లు. పదేళ్ల వయసు నుంచి ఈ సరస్సులో వల వేస్తున్నాడు. కళ్లకు అద్దం, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీళ్లలో ముఖం పెట్టడం అదే మొదటిసారి. పట్టీ జుట్టుకు చిక్కుకుందని తిట్టుకున్నాడు. పడవ అంచు పట్టుకుని దిగి, మూడుసార్లు చూసి, లేచాడు.

"రాళ్లే. ఒక్కటీ లేదు." అద్దం నుదుటి మీదికి నెట్టి, "ఇంత ఖాళీగా ఉంటుందనుకోలేదు," అన్నాడు.

చిసోటి దగ్గర వైసన్ పడవను పలకరాయి పక్కకు తెచ్చి తెడ్డుతో ఆపాడు. పలక ఎటు ఒరిగిందో, సందు ఏ వైపుందో చెప్పాడు. బౌలేని దిగాడు. చాలాసేపు పైకి రాలేదు. గాలి గొట్టంలోంచి అతని ఊపిరి మాత్రం వినిపించింది. ఒకసారి చెయ్యి కిందికి చాపి, చటుక్కున వెనక్కు తీసుకున్నాడు. తర్వాత పడవ చుట్టూ పక్కకు జరిగి, మళ్లీ చూశాడు.

పడవలోకి ఎక్కాక అద్దం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చూసినదేమిటో చెప్పలేదు. వైసన్ అడగలేదు. సభకు చేరవలసిన మాటను దారిలో అడగకూడదు. ఒడ్డు చేరే దాకా ఇద్దరూ మొక్కజొన్న ఎప్పుడు వేయాలన్న సంగతి మాట్లాడుకున్నారు. బౌలేని తేలిగ్గా అబద్ధం చెప్పేయవచ్చు. అతను చూసినదాన్ని ఇంకెవరూ చూడలేదు. వైసన్ తెడ్డు వేస్తూ ఆ మాటే అనుకున్నాడు.

శనివారం సభకు ఊరంతా వచ్చింది. తొట్టి దగ్గర చోటు దొరకక కొందరు గోడ మీద కూర్చున్నారు. బౌలేని లేచి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"న్యాని దగ్గర లేడు," అన్నాడు. "అల్లుడు వాళ్లింట్లో ఉన్నాడు గోగో."

జనంలో గొడవ రేగింది. గోగో చెయ్యెత్తేదాకా తగ్గలేదు. తోక చూశావా అని అడిగింది.

"చూశాను. కింది సగం లేదు. మా బావ చెప్పిన సందే, పలక కింద. అక్కడ ఇంకో మగవాడు చేరి ఉన్నట్టున్నాడు, వాణ్ణి బయటికి తరుముతున్నాడు. నేను చెయ్యి పెడితే నన్నూ కొరికాడు." వేలు పైకెత్తి చూపించాడు. దాని మీద ఏమీ కనబడలేదు. అయినా ముందు వరసలోవాళ్లు వంగి చూశారు.

అతను కూర్చుని, మళ్లీ లేచాడు. "అది మా బావ తరఫున. ఇప్పుడు నా మాట. వాడు ఇసుక దాటాడు. దాటడని మా బావ ఈ సభలో చెప్పించాడు. అది కూడా రాసుకోవాలి."

"దాటాడు," అంది గోగో. "ఇంటికి పోడానికి దాటాడు. తిండి ఉందని ఖాళీ ఇంట్లో కాపురం పెట్టలేదు. వైసన్ ఇరవై నాలుగేళ్లుగా మన న్సీమా తింటున్నాడు. రేపు కన్నుమూస్తే వాళ్లమ్మ ఊరివాళ్లు వచ్చి పూడ్చడానికి ఎత్తుకుపోతారు. మనం తప్పు పడతామా?"

ఎవరూ తప్పు పట్టరని వెనక నుంచి ఎవరో అన్నారు. వైసన్ నేల చూస్తూనే నవ్వాడు.

చిసోటి చుట్టూ యాభై బారల లోపల వల పడకూడదని ఆ రోజు తీర్మానమైంది. న్యానికి కూడా అదే హద్దు పెట్టమని బౌలేని అడిగాడు. ఎవరి తరఫున అడుగుతున్నావని గోగో అంది. నా తరఫునే అని కూర్చున్నాడు. ఎరకు ఉసిపా అనే చిన్న చేపలు వాడతానన్నాడు. కంపాంగో ఉసిపాను కూడా తింటుంది, కొంచెం ఆలోచించి తింటుంది.

చేపలను ఇళ్లకు పంపమని గోగో చెప్పింది. తొట్టి మాత్రం ఉంచమంది. నోట్లో పిల్లలున్న నారింజ చేపనూ ఇంకో పదిహేనింటినీ వానలు పోయే దాకా ఉంచుకుంటానంది. గుమ్మడాకులకు ఆ కాలంలో కరువు లేదు.

సోమవారం మిగిలినవాటిని రెండు బకెట్లలో చిసోటికి తీసుకుపోయారు. వైసన్ ఒక్కో చేపనూ చేతి వలతో తీసి, ఏ సందుదో చెప్పి వదులుతున్నాడు. బౌలేని అద్దం పెట్టుకుని నీళ్లలో ఉన్నాడు. నాలుగో చేపను వదలగానే తల పైకెత్తి, గొట్టం ఉమ్మేశాడు.

"ఇది ఇక్కడిది కాదు బావా. తన్ని తరిమేస్తున్నారు. పక్క సందుది అనుకుంటా."

"ఇక్కడిదే. నేను పట్టినదే కదా."

"నువ్వు పైన ఉన్నావు. చూస్తున్నది నేను."

వైసన్ పడవను ఒక తెడ్డు పక్క సందు వైపు జరిపాడు.